పప్పు ఉడికే నీళ్ళు, రొయ్య బతికే నీళ్ళు

తెల్లవారుజామున ఏరేటర్లు ఇంకా హోరెత్తుతూనే ఉంటాయి. కైకలూరు వైపు రొయ్యల చెరువు గట్టు మీద ఒక మనిషి మగ్గుతో నీళ్ళు ముంచి, జేబులోంచి పెన్నులాంటి మీటరు తీస్తాడు. మూత విప్పి, దాని కొసనున్న గాజు బుడిపెను నీళ్ళలో పెట్టి, అంకె కుదురుకునేదాకా ఆగుతాడు. 7.8 అని తేలితే పుస్తకంలో రాసుకుంటాడు. మధ్యాహ్నం మూడు గంటలకు మళ్ళీ అదే గట్టు, అదే చోటు, అదే మగ్గు. ఈసారి అంకె 8.3 దాటిందంటే మేత తగ్గించాలా, సున్నం ఆపాలా అన్న ఆలోచన మొదలవుతుంది.

పరికరం కొత్తదే కాని, పని కొత్తది కాదు. కృష్ణా డెల్టాలో నీళ్ళను పరీక్షించకుండా ఏ తరమూ బతకలేదు. నాలుగు వందల ఏళ్ళ కిందట బట్టకు రంగులద్దేవాళ్ళు పరీక్షించారు. ఆ తర్వాత వంటింట్లో ఇల్లాలు, రేవులో చాకలి, రైలింజను నడిపేవాళ్ళు, ఇప్పుడు రొయ్యల రైతు. నీళ్ళు ఎవరికి కావాలో పరీక్ష వాళ్ళే పెట్టారు. వాళ్ళ సరుకే తీర్పు చెప్పింది.

డెల్టా అంటే నీళ్ళకు కొదవలేని చోటని దూరాన ఉన్నవాళ్ళు అనుకుంటారు. కొదవ నీళ్ళకు కాదు, మంచినీళ్ళకు. బెజవాడ కొండల నడుమ నుంచి బయటపడ్డ కృష్ణ వేల ఏళ్ళుగా ఒండ్రు తెచ్చి పోసి, సముద్రాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి నెట్టి కట్టిన నేల ఇది. సముద్రం జరిగిపోయినా దాని ఉప్పు అడుగు పొరల్లో ఉండిపోయింది. అందుకే బందరు, అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక వైపు బోరు ఎంత లోతుకు దించితే అంత ఉప్పునీళ్ళు. పాత సముద్రపుటొడ్డులు మిగిల్చిపోయిన ఇసుక దిబ్బల్లో మాత్రం వాననీరు ఇంకి, ఉప్పునీటి మీద పలచటి పొరలా తేలుతూ నిలుస్తుంది. మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. ఆ సంగతి తెలిసినవాడు చెలమను లోతుగా తవ్వడు. ఫిల్టర్ పాయింట్ వేసేవాడు కూడా నాలుగడుగులు ముందే ఆపేస్తాడు. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఏటికి ఉప్పుటేరని పేరు. ఏ ప్రయోగశాలా లేని రోజుల్లో ఎవరో రుచి చూసి పెట్టిన పేరది.

రుచి చూసి నీళ్ళకు పెట్టిన పేర్లు ఇంకా ఉన్నాయి. మంచినీళ్ళు, తియ్యటి నీళ్ళు, చప్పనీళ్ళు, ఉప్పునీళ్ళు, చౌటి నీళ్ళు. మొదటి పరికరం నాలుకే. అయితే నాలుక ఉప్పును పట్టుకున్నంత సులువుగా కాల్షియం, మెగ్నీషియాలను పట్టుకోలేదు. నోటికి బాగానే ఉన్న బావినీళ్ళు పప్పును ఉడకనివ్వకపోవచ్చు, రంగును చెడగొట్టవచ్చు. నాలుకకు అందని దానికి వేరే సాక్షులు కావలసి వచ్చారు.

వాళ్ళలో బాగా పాతవాడు బట్ట. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు. డచ్చివారు ముందే వచ్చి కొట్టు పెట్టుకున్నారు. 1611లో ఆంగ్లేయుల గ్లోబ్ నౌక పేటపోలి మీదుగా మచిలీపట్నం చేరింది. పేటపోలి అంటే ఇప్పటి నిజాంపట్నం. వాళ్ళందరూ వెతుక్కుంటూ వచ్చిన సరుకుల్లో ముఖ్యమైనది ఈ తీరపు అద్దకం బట్ట. అందులోనూ ఎన్ని ఉతుకులకూ వెలవని ఎరుపు. ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. పేటపోలి ప్రాంతపు చిరివేరుకు అప్పట్లోనే ప్రత్యేకమైన పేరుండేది. సముద్రపు గవ్వల సున్నం కలిసిన ఇసుక నేల వల్ల ఆ వేరుకు ఆ గుణం అబ్బిందని అద్దకం చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు.

ఇందులో రసాయనశాస్త్రం దాగుంది. బట్టకు ముందు పటిక పట్టించి, తర్వాత వేరు రసంలో ఉడకబెడతారు. పటికలోని అల్యూమినియం రంగును నూలుకు కట్టిపడేస్తుంది. తోడుగా కొద్దిపాటి కాల్షియం ఉంటే ఎరుపు నిండుగా, గట్టిగా నిలుస్తుంది. నీళ్ళలో ఇనుము ఉంటే అదే ఎరుపు మసకబారి ఊదా వైపు తిరుగుతుంది. అంటే ఒక్కో ఉడుకూ ఒక్కో నీటి పరీక్షే. ఏ బావి నీళ్ళకు ఏ ఛాయ వస్తుందో బట్ట ఆరాక కంటికి కనిపించేది. పనికిరాని బావిని పక్కన పెట్టడానికి వేరే కాగితం ముక్క అవసరం లేకపోయింది.

నలుపు పని ఇంకా విచిత్రం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. పులుపు ఎక్కిన కొద్దీ ఆ ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. కరక్కాయ పట్టించిన బట్ట మీద ఆ ద్రవం తగలగానే నల్లబడుతుంది. పులుపు చాలకపోతే నలుపు పలచన. ఆమ్లత్వం అన్న మాట వినని చేతులు ఆమ్లత్వాన్ని వాసనతోనూ ఛాయతోనూ కొలిచాయి. మచిలీపట్నం పక్కనున్న పెడనలో ఈ అద్దకం ఇప్పటికీ సాగుతోంది. బట్టను పారే నీళ్ళలో జాడించాలన్న పట్టింపు ఇప్పటికీ ఉంది. నిలవనీళ్ళలో జాడిస్తే విడిచిన రంగు మళ్ళీ బట్టనే అంటుకుంటుంది.

ఇక వంటిల్లు. కొత్తగా తవ్విన బావి నీళ్ళు మంచివో కాదో తేల్చడానికి ఊళ్ళో అందరూ ఒప్పుకునే పరీక్ష కందిపప్పు. గుప్పెడు పప్పు ఎసట్లో వేస్తే మెత్తగా మెదిగితే మంచినీళ్ళు, పలుకు పలుకుగా మిగిలితే కఠినజలం. కారణం సూటిగానే ఉంది. పప్పు గింజలో కణాలను అంటించి ఉంచే పెక్టిన్‌ను నీటిలోని కాల్షియం ఇంకా బిగిస్తుంది. అది విడితేనే పప్పు విడేది. అలాంటి చోట చిటికెడు వంటసోడా వేసే అలవాటు పుట్టింది. నీళ్ళకు క్షారగుణం పెరిగితే ఆ బిగువు సడలుతుంది. ఆమ్లానికి దీనికి ఎదురు పని. చింతపండు పులుసు ముందే పోస్తే పప్పు ఉడకదని ప్రతి ఇంటా తెలుసు. కఠినత్వం, ఆమ్లత్వం అనే రెండింటికీ ఒకే గిన్నెలో జవాబు చెప్పిన పరీక్ష అది.

తలంటుకు కుంకుడుకాయ, బట్టలకు చౌడు వాడటం వెనకా ఇదే తెలివి ఉంది. కఠినజలంలో సబ్బు నురగకు బదులు తెల్లటి తెట్టు కడుతుంది, జుట్టు అట్టకట్టుకుపోతుంది. కుంకుడు రసానికి ఆ బాధ లేదు, ఎలాంటి బావి నీళ్ళలోనైనా నురగ కడుతుంది. చాకలి తెచ్చే చౌడు మట్టిలో సోడా ఉంటుంది. అది నీటిలోని కాల్షియాన్ని సున్నపు పొడిగా కిందికి దించేస్తుంది. ఆధునిక కర్మాగారాల్లో కఠినజలాన్ని మెత్తబరచే పాత పద్ధతుల్లో ఒకటి సరిగ్గా ఇదే. బురదనీళ్ళు తేరడానికి కుండ లోపల ఇండుప గింజ అరగదీయడం, పటిక తిప్పడం మరో విద్య.

ఆ బురదనీళ్ళు డెల్టా ఇళ్ళకు రోజూ చేరడం ఆనకట్టతో మొదలైంది. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చేసిన డొక్కల కరువు తర్వాత కృష్ణ మీద ఆనకట్ట కావాలన్న మాట గట్టిపడింది. ఆర్థర్ కాటన్ దన్నుతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో 1852 నుంచి 1855 దాకా బెజవాడ దగ్గర ఆ పని జరిగింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, అవతలి ఒడ్డున కొమ్మమూరు కాలువ కృష్ణ నీటిని ఉప్పు నేలల దాకా మోసుకుపోయాయి. కాలువ పారినన్నాళ్ళూ బావిని రుచి చూసే పని తగ్గింది. వేసవిలో కాలువలు కట్టేసేలోగా మంచినీళ్ళ చెరువు నింపుకోవడం ఊరుమ్మడి బాధ్యత అయింది. ఆ చెరువులో గేదెలు దిగకుండా, బట్టలుతకకుండా కాపలా పెట్టిన ఊళ్ళున్నాయి. 1952లో పాత ఆనకట్ట తెగింది. 1954 ఫిబ్రవరి 13న శంకుస్థాపన జరిగి, 1957లో ప్రకాశం బరాజ్ పూర్తయింది. దాదాపు 13 లక్షల ఎకరాల ఆయకట్టుతోపాటు లెక్కలేనన్ని తాగునీటి చెరువులు దాని మీదే ఆధారపడ్డాయి.

ఆనకట్ట కట్టడానికి దశాబ్దం ముందే కఠినత్వానికి అంకె దొరికింది. స్కాట్లాండులోని అబర్డీన్‌లో ఆచార్యుడైన థామస్ క్లార్క్ 1841లో నీటిని మెత్తబరచే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. నీళ్ళ కఠినత్వాన్ని సబ్బుతో కొలిచే పరీక్షా ఆయనదే. సీసాలో నీళ్ళు పోసి, తెలిసిన బలం గల సబ్బు ద్రావణాన్ని కొద్దికొద్దిగా కలుపుతూ కుదపాలి. నురగ చెదరకుండా నిలిచేదాకా ఎంత సబ్బు పట్టిందో అంత కఠినత్వం. డెల్టా ఇల్లాలు బావి దగ్గర చేసిన పనే ఇది. క్లార్క్ దానికి కొలపాత్ర చేర్చాడు.

ఆ అంకె అవసరం బెజవాడకు రైలుతో వచ్చింది. 1890ల నాటికి కృష్ణ మీద రైలు వంతెన పడింది, బెజవాడ పెద్ద జంక్షనుగా ఎదగసాగింది. ఆవిరి ఇంజను నీళ్ళు తాగే జంతువు. కఠినజలం పోస్తే బాయిలరు గొట్టాల లోపల సున్నపు పెచ్చు కడుతుంది. వేడి నీటికి చేరదు, బొగ్గు ఎక్కువ కాలుతుంది, గొట్టం కాలి పగిలే ప్రమాదం ముంచుకొస్తుంది. అందుకే ఏ స్టేషను నీళ్ళు ఎంత కఠినమో రైల్వేలు లెక్క రాసుకునేవి, సోడా కలిపేవి, నిర్ణీత రోజులకోసారి బాయిలరు కడిగించేవి. పప్పు గిన్నె అడుగున తెల్లటి మరకను చూసి ఇల్లాలు గ్రహించిన సంగతి లోకో షెడ్డులో రిజిస్టరుకెక్కింది.

ఆమ్లత్వానికి అంకె దొరకడానికి ఇంకా కాలం పట్టింది. అదీ బీరు పుణ్యమే. 1909లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్ సోరెన్‌సెన్ పీహెచ్ కొలమానాన్ని ప్రతిపాదించాడు. బీరు కంపెనీ నడిపిన ఆ ప్రయోగశాలలో ఎంజైములు ఎంత ఆమ్లత్వంలో పనిచేస్తాయో తేల్చవలసి వచ్చింది. 7 అంటే తటస్థం. కిందికి దిగితే ఆమ్లం, పైకెక్కితే క్షారం. ఒక్కో మెట్టుకు పది రెట్ల తేడా. 1934లో కాలిఫోర్నియాలో నిమ్మరసం ఆమ్లత్వం కొలవలేక అవస్థ పడుతున్న మిత్రుడి కోసం ఆర్నాల్డ్ బెక్‌మన్ గాజు ఎలక్ట్రోడుకు వాక్యూం ట్యూబుల ఆంప్లిఫయరు జోడించి మీటరు తయారుచేశాడు. అది చేతిపెట్టె అంత ఉండేది. ట్రాన్సిస్టర్లు, చిప్పులు వచ్చాక చొక్కా జేబులో పట్టేంతకు కుంచించుకుపోయింది. బీరుకు, నిమ్మరసానికి పుట్టిన పరికరం రొయ్యను వెతుక్కుంటూ డెల్టాకు వచ్చింది.

రొయ్యకన్నా ముందు ఉప్పెన వచ్చింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడ్డ తుపాను పది వేలమందికి పైగా ప్రాణాలు తీసింది. బతికి బట్టకట్టినవాళ్ళకు మర్నాడు ఎదురైంది దాహం. మంచినీళ్ళ చెరువుల్లో, బావుల్లో సముద్రం నిండి ఉంది. చేలు చవుడు పట్టాయి. ఆ నేల మళ్ళీ పైరుకు, ఆ నీళ్ళు మళ్ళీ నోటికి ఎప్పుడు పనికొస్తాయన్న ప్రశ్నకు నాలుక చెప్పే జవాబు చాలలేదు. నేలలో, నీటిలో ఉప్పు ఎంతో కొలవడం అప్పుడు బతుకు తెరువుకు సంబంధించిన పని అయింది.

కొల్లేటి చుట్టూ 1970ల చివర నుంచి చేపల చెరువులు విస్తరించాయి. బొచ్చె, శీలావతి పెంపకం కొద్ది ఏళ్ళలోనే కైకలూరు, మండవల్లి, నందివాడ పొలాల రూపు మార్చేసింది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య తీరాన్ని ఊపేసింది. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ దాన్ని కుప్పకూల్చింది. 1996 డిసెంబరు 11న తీరప్రాంత రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది. తర్వాత కొన్నేళ్ళు నీలకంఠ రొయ్య. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2006లో కొల్లేరు అభయారణ్యం పరిధిలో చెరువు గట్లు కొట్టేశారు. 2009లో వనామి రొయ్యకు అనుమతి దొరికింది. ఈ ఎగుడుదిగుళ్ళన్నిటి మధ్య రైతుకు ఒక సంగతి ఒంటబట్టింది. రొయ్య జబ్బు పడ్డాక చేసేది తక్కువ, నీళ్ళు జబ్బు పడకుండా చూసుకోవడమే ఎక్కువ.

చెరువు నీళ్ళు గంట గంటకూ మారతాయి. ఇది పప్పుగానీ బట్టగానీ చెప్పలేని సంగతి. ఎండ ఎక్కిన కొద్దీ నీటిలోని పచ్చటి ప్లాంక్టన్ కార్బన్ డయాక్సైడును లాక్కుంటుంది, పీహెచ్ పెరుగుతుంది. రాత్రంతా చెరువులో ప్రతి ప్రాణీ ఆ వాయువును విడుస్తుంది, పీహెచ్ దిగుతుంది. అందుకే కొలత సూర్యోదయానికి ముందొకటి, మధ్యాహ్నం ఒకటి. రొయ్యకు 7.5 నుంచి 8.5 దాకా హాయి. ఒక పూటకూ ఇంకో పూటకూ తేడా అర పాయింటు మించకూడదని గట్టు మీద అందరూ చెప్పుకునే లెక్క.

అర పాయింటుకు ఇంత భయమెందుకో అమ్మోనియా చెబుతుంది. మిగిలిన మేత, రొయ్యల మలం కుళ్ళి నీళ్ళలో అమ్మోనియా చేరుతుంది. అదంతా విషం కాదు. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపు రూపంలో ఉండేది ఒక్క శాతం లోపే. 8 దగ్గర అది దాదాపు ఏడున్నర శాతం. 9 దగ్గర దాదాపు 45 శాతం. నీళ్ళలో కొత్తగా ఏమీ కలపకపోయినా మధ్యాహ్నపు ఎండే విషాన్ని తయారు చేయగలదు. పీహెచ్ మరీ ఎక్కితే రైతులు బెల్లం నానబెట్టి చల్లుతారు. ఆ తీపి తిని పెరిగే బాక్టీరియా విడిచే కార్బన్ డయాక్సైడు పీహెచ్‌ను దించుతుంది. పెడన అద్దకంవాళ్ళ కుండలో ఇనుమును కరిగించే బెల్లమే ఇక్కడ రొయ్యను కాస్తుంది.

కఠినత్వం సంగతి గుల్ల దగ్గర బయటపడుతుంది. రొయ్య పెరగాలంటే పాత గుల్ల విడవాలి. కొత్త గుల్ల గట్టిపడటానికి కాల్షియాన్ని నీటి నుంచే పీల్చుకుంటుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర గుల్ల విడిచే రొయ్యలు ఎక్కువని రైతులు ఆ రోజుల్లో మేత తగ్గిస్తారు. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం చాలకపోతే గుల్ల మెత్తగా ఉండిపోతుంది, ధర పడిపోతుంది. సముద్రానికి దూరంగా బోరునీళ్ళతో వనామి పెంచేచోట ఈ ఖనిజాలు బస్తాల లెక్కన చల్లవలసి వస్తుంది. వంటింట్లో దోషమనుకున్న కఠినత్వం రొయ్యకు ఆహారం.

ఇక్కడే జేబు మీటరు హద్దు తెలుసుకోవాలి. అంగట్లో దొరికే పెన్ను ఒకటి పీహెచ్ చెబుతుంది, ఇంకొకటి టీడీఎస్ చెబుతుంది. రెండోది నీళ్ళలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి, కరిగిన లవణాలు ఇన్ని ఉండవచ్చని లెక్కగడుతుంది. ఆ లవణం ఉప్పో, కాల్షియమో దానికి తెలియదు. నాగాయలంక బోరులోని ఉప్పునీళ్ళకూ, మరోచోట రాతిబావిలోని కఠినజలానికీ ఒకే అంకె రావచ్చు. కఠినజలంలో సబ్బు తెట్టు కడుతుంది, ఉప్పునీళ్ళు నోట పెట్టుకోవడానికే పనికిరావు. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి మూడు లెక్కలు విడివిడిగా పెట్టింది అందుకే. పీహెచ్ 6.5 నుంచి 8.5. లీటరుకు కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములు, కఠినత్వం 200 మిల్లీగ్రాములు. వేరే నీరు దొరకని చోట చివరి రెండింటికీ 2,000, 600 దాకా సడలింపు. ఇరవై లీటర్ల డబ్బాల నీళ్ళు అమ్మేచోట టీడీఎస్ పెన్ను ముంచి తక్కువ అంకె చూపితే అది లవణాలు తగ్గాయన్న మాట మాత్రమే. ఆ నీళ్ళలో క్రిములు లేవని గానీ, పీహెచ్ సరిగా ఉందని గానీ ఆ అంకె చెప్పదు.

పీహెచ్ మీటరుకూ పరీక్ష తప్పదు. దాని గాజు బుడిపె ఎండిపోతే అంకె తప్పుతుంది. అందుకే మూతలో తడి ఉంచాలి, 4 అనీ 7 అనీ ముందే తెలిసిన బఫర్ ద్రావణాల్లో ముంచి అప్పుడప్పుడూ సరిచూడాలి. ఆ చిన్న పొట్లాలు కొనడం మానేసిన రైతు పుస్తకంలో అంకెలు రోజూ పడుతూనే ఉంటాయి, నమ్మడానికే వీలుండదు.

అందువల్ల ఇప్పటికీ కైకలూరు, భీమవరం దారుల్లో మోటారు సైకిళ్ళ మీద మినరల్ వాటర్ సీసాలు ప్రయాణం చేస్తుంటాయి. లోపల ఉన్నది చెరువు నీళ్ళు, పైన అంటించిన కాగితం మీద చెరువు నంబరు. ల్యాబులో కుర్రాడు ఆ నీళ్ళు కొలిచి గాజు ఫ్లాస్కులో పోసి, పీహెచ్ 10 దగ్గర నిలిచేలా బఫర్ కలిపి, చిటికెడు నల్లటి పొడి వేస్తాడు. నీళ్ళు ద్రాక్షసారా ఎరుపుకు తిరుగుతాయి. జూరిచ్‌లో గెరోల్డ్ ష్వార్జెన్‌బాఖ్ 1940లలో రూపొందించిన పద్ధతి ఇది. సబ్బు పరీక్షను ప్రయోగశాలల నుంచి సాగనంపింది ఇదే. గొట్టంలోంచి ఈడీటీఏ ద్రావణం చుక్క చుక్కగా పడుతుంటే అది కాల్షియాన్నీ, మెగ్నీషియాన్నీ ఒక్కొక్కటిగా పట్టుకుంటుంది. కుర్రాడు ఫ్లాస్కును గుండ్రంగా తిప్పుతూ, రంగు మీంచి చూపు తిప్పకుండా, ఎరుపు పూర్తిగా పోయి నీలం వచ్చేదాకా చుక్కలు వదులుతాడు. నీలం నిలవగానే గొట్టం మీద గీత చూసి, చెరువు నంబరు పక్కన కఠినత్వం రాస్తాడు.